పాట నోటికి వచ్చేదాకా

చెన్నై గ్రీమ్స్ రోడ్డు లాడ్జీల దగ్గర నిలబడితే తమిళంతో పాటు తెలుగూ గట్టిగానే వినపడుతుంది. నెల్లూరు, గూడూరు, ఒంగోలు వైపు నుంచి పెద్ద జబ్బులకు రైలెక్కి ఇక్కడికే వస్తారు. మా అమ్మకు గుండె ఆపరేషన్ అయినప్పుడు నేనూ ఆ పక్కనే ఓ ఆసుపత్రిలో పదకొండు రోజులు ఐసీయూ బయట కూర్చున్నాను. పక్క కుర్చీలో కావలి నుంచి వచ్చిన ఓ పెద్దావిడ. లోపల ఆమె భర్త. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవిని నర్సు పిలుపు కోసం వదిలేసేది. ఫోన్‌లో యేసయ్య పాట వీడియో పెట్టేది. పచ్చని కొండలు, జలపాతం, చేతులు చాచి నడిచే గాయకుడు. పాట మొదలవగానే ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టి, కళ్లు మూసుకుని పెదాలు కదిపేది.

“వీడియో చూడట్లేదా పెద్దమ్మా?” అని అడిగాను.

“కళ్లు తెరిస్తే ఆ తలుపే కనపడతా ఉంది నాయనా. మూసుకుంటే మా చర్చి కనపడతాది.”

క్రైస్తవ పాటల వీడియోలు మనిషిని ఆత్మీయంగా కదిలిస్తాయా, ఊరికే ఏడిపించి వదిలేస్తాయా అన్న చర్చ మన సంఘాల్లో తరచూ వస్తుంది. వచ్చినప్పుడల్లా నాకు ఆ బోర్లా పెట్టిన ఫోన్ గుర్తొస్తుంది. ఆ పాట ఆమెకు ఆదరణ ఇచ్చింది, కళ్లారా చూశాను. అయితే ఆ బలం కొండల వల్ల, జలపాతం వల్ల వచ్చింది కాదు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం నోరారా పాడిన పాట కాబట్టే ఆ రోజు ఆమెకు ఆసరా అయింది. పాడనిదే పాట మనది కాదని నా నమ్మకం. వీడియో ఎంత బాగా తీసినా, చూసేవాళ్ల చేత పాడించలేకపోతే దాని పని సగంలోనే ఆగిపోతుంది.

తెలుగు క్రైస్తవులకు పాట మొదట నోటి విద్యే. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి వాళ్ల కీర్తనలు చదువు రానివాళ్ల ఇళ్లలో కూడా నిలిచాయంటే, ఒకరు పల్లవి అందిస్తే పదిమంది అందుకునే పద్ధతి వల్లే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అది పాడేవాళ్ల కోసం చేసిన పుస్తకం. తర్వాత ఈ మద్రాసు స్టూడియోల్లోనే సినిమా గాయకులు పాడిన క్రైస్తవ గీతాలు క్యాసెట్లుగా ఊరూరికీ వెళ్లాయి. 1978లో యేసు కథతో ‘కరుణామయుడు’ సినిమా వచ్చింది. సిలువ మోస్తున్న విజయచందర్, వెనక మోదుకూరి జాన్సన్ రాసిన ‘కదిలింది కరుణరథం’. పాట, బొమ్మ ఒకటైపోతే ఎంత బలం వస్తుందో చాలామంది తెలుగువాళ్లకు అప్పుడే తెలిసింది. ఇప్పటి గుడ్ ఫ్రైడే వీడియోల్లో కొరడా, ముళ్ల కిరీటం, నెమ్మదిగా కదిలే సిలువ చూస్తుంటే నాకు ఆ సినిమా నీడే కనిపిస్తుంది.

ఆ దృశ్యాలు చూసి కన్నీళ్లు పెట్టుకోవడం తప్పని నేను అనను. నేనూ పెట్టుకుంటాను. కానీ లూకా సువార్త 23వ అధ్యాయంలో యేసు సిలువ వైపు నడుస్తూనే, తన కోసం ఏడుస్తున్న స్త్రీల వైపు తిరిగి, నా కోసం వద్దు, మీ కోసం, మీ పిల్లల కోసం ఏడవండి అన్నారు. రక్తం చూసి వచ్చే జాలి వేరు, మన తప్పు గుర్తొచ్చి వచ్చే ఏడుపు వేరు. స్లో మోషన్, వయొలిన్, మూడో చరణం దగ్గర శ్రుతి పెంచడం కలిస్తే నమ్మకం ఉన్నా లేకపోయినా ఎవరికైనా ఒళ్లు గగుర్పొడుస్తుంది. దాన్నే దేవుని సన్నిధి అనేసుకుంటే పొరపాటు పడతాం. సుమారు 1,600 ఏళ్ల కిందటే క్రైస్తవ గురువు అగస్టీన్‌కు ఈ టెన్షన్ ఉంది. మిలాన్ సంఘంలో పాటలు విని ఏడ్చిన మనిషే, పాడే మాట కన్నా పాడే గొంతు తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని రాసుకున్నాడు. అయినా పాట వద్దనలేదు. బైబిల్లో సౌలు రాజు సంగతి ఇంకా గట్టిది. దావీదు సితారా వాయిస్తే అతనికి నెమ్మది కలిగేది. మరో రోజు దావీదు అలా వాయిస్తుండగానే అతని మీదికి ఈటె విసిరాడు.

2020 లాక్‌డౌన్‌లో మా పెరంబూరు ఇంట్లోనే ఇంకొకటి గమనించాను. మందిరాలు మూసేశాక ఆదివారం ఆరాధన ఫోన్‌లోకి వచ్చింది. మొదటి వారాల్లో పొద్దున్నే స్నానాలు చేసి, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, అందరం నిలబడి పాడాం. నెల తిరిగేసరికి కూర్చున్నాం. ఇంకొన్నాళ్లకు టిఫిన్ ప్లేట్లు చేతుల్లో పట్టుకుని చూస్తున్నాం. పాటలు అవే. పాడేవాళ్లు మాకన్నా ఎంతో బాగా పాడుతున్నారు. మా నోళ్లే మూతపడ్డాయి. పైగా మందిరంలో పాట అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడరు. పాట లోపలికి దిగేది ఆ నిశ్శబ్దంలోనే. ఫోన్‌లో చివరి మాట అయీ అవకముందే గోల్డ్ లోన్ ప్రకటన వచ్చేస్తుంది.

అందుకే ఏ హంగూ లేని లిరిక్ వీడియోలంటే నాకు ఇష్టం. నల్లటి తెర మీద తెలుగు మాటలు, కింద ఇంగ్లిషు అక్షరాల్లో అవే మాటలు, అంతే. వాటిని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ, చెన్నైలో పుట్టిన మన పిల్లలకు అవే బడి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. మా అమ్మాయి వీడియో ఆపి ఆపి వింటూ, ఇంగ్లిషు స్పెల్లింగుల్లో దీర్ఘాలు తెలియడం లేదని పాటను తమిళ అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎక్కించుకుంటుంది.

అమ్మ డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన వారం, ఆ నోటుబుక్కు పట్టుకుని నాయనమ్మ మంచం పక్కన కూర్చుంది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ‘లోకమంతా’ అని పాడాల్సిన చోట ‘లోగమంతా’ అని పాడింది. గట్టిగా మాట్లాడే ఓపిక లేక అమ్మ చెయ్యెత్తి ఆపి, “లోక... క” అని రెండుసార్లు పలికించింది. పిల్ల మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. రెండో చరణానికి అమ్మ కూడా గొంతు కలిపింది. కుట్లు లాగకుండా దిండును రొమ్ముకు అదుముకుని, ఊపిరి చాలని చోట ఆగుతూ.