అరవైయా, డెబ్బై అయిదా? సూర్యలంక అలల కోసం ఒక తగువు

నిలబడి తెడ్డు వేసే బోర్డు కింద ఫాయిల్, అంటే నీళ్లలో మునిగి ఉండి బోర్డుని పైకెత్తే రెక్కల అమరిక, బిగించి, అల మీద నీళ్లకి జానెడు పైన సాగిపోయే ఆట మన వైపు ఇంకా కొద్దిమందికే తెలుసు. బోర్డుకీ, నీళ్లలో ఉండే రెక్కకీ మధ్య నిలువుగా నిలబడేదే మాస్ట్. అది ఎంత పొడుగుది కొనాలన్నదే ఇక్కడి తగువు. విజయవాడలో ఉంటూ, పున్నమి ఘాట్ వైపు కృష్ణలో తెడ్డు వేయడం నేర్చుకుని, ఇప్పుడు సూర్యలంక అలల మీద ఫాయిల్ ఎక్కాలనుకుంటున్న ఒక అక్కా, ఆమె తమ్ముడూ వాదించుకుంటున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే సెట్టు. ఉన్న డబ్బు ఒక మాస్ట్‌కే సరిపోతుంది. నేను అక్క పక్షం. అయితే తమ్ముడి మాటల్లో తీసిపారేయలేనివి ఉన్నాయి. వాటిని తగ్గించకుండా పెట్టాను.

తమ్ముడు: అరవై సెంటీమీటర్లది చాలక్కా. నేర్చుకునేవాళ్లకి పొట్టిదే మేలని అందరూ చెప్పేదే. కైట్ ఫాయిల్ నేర్పేచోట చూడు, ముందు నలభై అయిదుతో మొదలెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతారు. మనం ఒకేసారి డెబ్బై అయిదు దేనికి?

అక్క: వాళ్లని లాగేది గాలిపటం, లేదంటే పడవ. లాగుడు నిలకడగా ఉంటుంది, నీళ్లు కూడా చదునుగా ఉన్నచోటే నేర్పుతారు. మనల్ని తోసేది అల. దానికి ఎత్తూ పల్లం ఉంటాయి. మోకాలెత్తు అల వచ్చిందనుకో. బోర్డు కింద నీటి మట్టం క్షణక్షణం మారిపోతుంటుంది. రెక్క కనీసం జానెడు లోతులో ఉండాలి, లేకపోతే గాలి పీల్చుకుని బయటపడుతుంది. అరవైలోంచి ఆ జానెడు తీసెయ్యి. ఇక మిగిలేది నలభై సెంటీమీటర్ల లోపు. ఆ కాస్త సందులోనే నువ్వు లేవాలి, ఆగాలి, దిగాలి. మొదటిసారి లేచినవాడు ఎక్కడ ఆగాలో తెలియక పైకి పోతూనే ఉంటాడు. వేగం పెరిగిన కొద్దీ రెక్క ఇంకా ఎత్తుతుంది. బరువు ముందు కాలి మీదకి వేయాలని తోచేలోపు పొట్టి మాస్ట్ అయిపోతుంది. డెబ్బై అయిదైతే ఆ తోచడానికి కాస్త టైం దొరుకుతుంది. అంటే నేర్చుకునేవాడికే పొడుగు ఎక్కువ అవసరం.

తమ్ముడు: టైం దొరుకుతుంది సరే, పడేది కూడా అంత ఎత్తు నుంచేగా?

అక్క: పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు. పడేది నీళ్లలో. నా భయం ఎత్తు గురించి కాదు, రెక్క గురించి. రెక్క బయటపడగానే ఎత్తే బలం ఒక్కసారిగా పోతుంది, ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, మనిషి ముందుకి ఎగిరిపడతాడు, వెనక బోర్డు తిరగబడుతుంది. పొట్టి మాస్ట్‌తో అది ఎక్కువసార్లు జరుగుతుంది. ఎక్కువసార్లు పడితే కాలు రెక్కకి తగిలే అవకాశమూ పెరుగుతుంది. హెల్మెట్ లేకుండా నిన్ను ఎలాగూ ఎక్కనివ్వను.

తమ్ముడు: హెల్మెట్ మాట నేను కాదనలేదు. కానీ అల మీద నేరుగా పోతే అరవై సరిపోతుందని నువ్వే ఒప్పుకోవాలి.

అక్క: నేరుగా పోతే సరిపోతుంది, ఒప్పుకుంటాను. నేరుగా పోయి ఒడ్డుకి చేరడానికి ఇంత సెట్టు ఎందుకురా? తిప్పడం కోసమే కదా. తెడ్డు బోర్డు సంగతి నువ్వు మర్చిపోతున్నది అక్కడే. పడుకుని చేతులతో ఈదే ఫాయిల్ బోర్డు సన్నగా ఉంటుంది. మనది నిలబడి తెడ్డు వేయాలి కాబట్టి వెడల్పు. ఆ వెడల్పే మాస్ట్ పొడుగుని అడుగుతుంది. కాగితం తీసుకో, లెక్క వేద్దాం. బోర్డు వెడల్పు 72 సెంటీమీటర్లు, సగం 36. ముందు రెక్క కొన నుంచి కొనకి 100, సగం 50. మలుపులో బోర్డుని 30 డిగ్రీలు వాల్చావు. లోపలి అంచు 18 సెంటీమీటర్లు కిందకి దిగుతుంది. బయటి వైపు రెక్క కొన 25 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. మాస్ట్ కూడా వాలింది కాబట్టి డెబ్బై అయిదు నిలువులో 65 అవుతుంది, అరవై 52 అవుతుంది. అంచు నీళ్లకి తగలకూడదు, కొన నీళ్లలోంచి బయటపడకూడదు. డెబ్బై అయిదుకి 65లోంచి 25, 18 తీసెయ్యి, 22 మిగిలింది. అరవైకి 52లోంచి అవే తీసెయ్యి. ఎంత?

తమ్ముడు: తొమ్మిది.

అక్క: తొమ్మిది సెంటీమీటర్ల సందులో, కదిలే అల మీద, మనం మలుపు తిప్పాలి. అటు ఒక వేలెడు ఎక్కువైతే కొన బయటపడుతుంది, ఇటు తక్కువైతే అంచు నీళ్లకి కొట్టుకుని వేగం చచ్చిపోతుంది. అరవై సెంటీమీటర్లు తప్పుడు సరుకని నేను అనను. సన్న బోర్డుకీ చిన్న రెక్కకీ అది బాగానే పని చేస్తుంది. మన బోర్డుకి కాదు.

తమ్ముడు: ఆ ముప్పై డిగ్రీలు ఎక్కడి నుంచి తెచ్చావు? మొదటి ఏడాది మనం పదిహేను వాల్చితే గొప్ప. పదిహేనుతో లెక్క వేసి చూడు.

అక్క: వేస్తాను. అంచు 9 దిగుతుంది, కొన 13 లేస్తుంది. డెబ్బై అయిదుకి 50 మిగులుతుంది, అరవైకి 36.

తమ్ముడు: చూశావా? ముప్పై ఆరు తక్కువేం కాదు. నువ్వు భయపెట్టిన తొమ్మిది మనకి ఇప్పట్లో రాదు.

అక్క: ఇప్పట్లో రాదు, నిజమే. వచ్చేనాటికి మళ్లీ కొనాలి. ఒక్క మాస్ట్‌కే డబ్బున్నవాళ్లం మనం.

తమ్ముడు: డబ్బు మాట ఎత్తావు కాబట్టి నా లెక్క కూడా విను. ఒకే లోహం, ఒకే మందం, చివర ఒకే బలం పడితే, వంగుడు పొడుగు ఘనంతో పెరుగుతుంది. డెబ్బై అయిదుని అరవైతో భాగిస్తే 1.25. దాని ఘనం 1.95. అంటే పొడుగు పావు వంతు పెంచావు, వంగుడు దాదాపు రెట్టింపు చేశావు. పెద్ద రెక్క, వెడల్పు బోర్డు, పైన నిలబడిన మనిషి. నువ్వు వాల్చమన్నది నీ కాలికి ఒకలా తెలుస్తుంది, కింద రెక్క ఇంకొకలా చేస్తుంది, ఆ ఆలస్యం నీకు అర్థమయ్యేలోపు నీళ్లలో ఉంటావు. దాన్ని తప్పించాలంటే కార్బన్ ఫైబర్‌ది కొనాలి. అల్యూమినియం ధరకీ కార్బన్ ధరకీ ఎంత తేడానో నీకు తెలుసు.

అక్క: ఈ మాట గట్టిది. అందుకే నేను తొంభై అడగలేదు. తొంభైలో అల్యూమినియం నిజంగానే ఊగుతుంది. హవాయిలో మావీ ద్వీపం దగ్గర కై లెన్నీ లాంటి పేరుమోసిన ఫాయిల్ ఆటగాళ్లు లోతు సముద్రంలో పొడుగు మాస్ట్‌లతో పోతారంటే వాళ్ల చేతిలో ఉన్న సరుకు వేరు. డెబ్బై అయిదు మందంగా ఉన్న అల్యూమినియంలో దొరుకుతుంది. నువ్వు చెప్పిన లెక్క ఒకే మందానికి. మందం పెరిగితే వంగుడు బాగా తగ్గుతుంది. నీళ్లు కాస్త ఎక్కువ అడ్డుపడతాయి, వేగం కాస్త పోతుంది. అల మీద మనకి అంత వేగం అక్కర్లేదు. ఆ నష్టం నేను భరిస్తాను.

తమ్ముడు: అల్యూమినియం అంటే ఇంకో సంగతి ఉంది. ఉప్పునీళ్లు. కిందటిసారి తెచ్చిన ఆ సెకండ్ హ్యాండ్ ముక్క చూశావుగా, మరమేకుల చుట్టూ తెల్లటి పొడి. అలెన్ కీ పెట్టి తిప్పితే తల అరిగింది గానీ మర కదల్లేదు.

అక్క: ఎందుకు కదల్లేదో కూడా చెప్పు. సముద్రం నుంచి వచ్చి విప్పకుండా అలాగే కవర్లో పెట్టి మూలన పడేసింది ఎవరు?

తమ్ముడు: రాత్రి పదింటికి ఇల్లు చేరితే అప్పుడు విప్పమంటావా?

అక్క: అప్పుడే విప్పాలి. అల్యూమినియంలో స్టీలు మర, మధ్యలో ఉప్పునీళ్లు. రెండు వేర్వేరు లోహాలు కలిసి తడిగా ఉంటే అల్యూమినియమే తినుకుపోతుంది. దాని పక్కన కార్బన్ రెక్క ఉంటే ఇంకా త్వరగా. మంచినీళ్లతో కడిగి, మరలు విప్పి, గ్రీజు రాసి పెడితే ఏళ్లు ఉంటుంది. మాస్ట్ పొడుగుకీ దీనికీ సంబంధం లేదు. అరవై కొన్నా నువ్వు కడగాల్సిందే.

తమ్ముడు: నేనే ఎందుకు కడగాలి? ఇద్దరం ఎక్కుతాం కదా.

అక్క: వంతులు వేసుకుందాం. ముందు ఈ విషయం తేలనివ్వు.

తమ్ముడు: తేల్చాల్సింది లోతు దగ్గరక్కా. ఇంతసేపూ నువ్వు నీటి పైన లెక్క వేశావు, నీటి కింద వేయలేదు. సూర్యలంకలో చాలా దూరం నడిచినా నడుము లోతే. అందుకే బాపట్ల నుంచీ గుంటూరు నుంచీ ఆదివారం జనమంతా అక్కడికి పోతారు. మంగినపూడి అయితే ఇంకా చదును. బోర్డు తేలుతున్నప్పుడు మాస్ట్ మొత్తం నీళ్లలోనే ఉంటుంది. డెబ్బై అయిదు, దాని కింద ఫ్యూజలాజ్ (రెక్కల్ని మాస్ట్‌కి కలిపే కడ్డీ), రెక్క. ఎనభై పైచిలుకు లోతు కావాలి. అల రాకముందు పల్లంలో నీళ్లు ఇంకా తగ్గుతాయి. ఆటు సమయంలో బయటి ఇసుక దిబ్బ మీద అల విరిగేచోట ఆ లోతు ఉంటుందా?

అక్క: దిబ్బ మీద కాదు, దాని వెనక్కి పోయి అలని అందుకోవాలి. ఫాయిల్‌కి విరిగిన అల అక్కర్లేదు, ఉబ్బిన అల చాలు. అదే దీనిలో గొప్ప. మామూలు బోర్డు వాళ్లు ఇది అల కాదని వదిలేసిన ఉబ్బు మీద మనం పోగలం.

తమ్ముడు: అందుకోవడం సరే, ముగింపు మాటేమిటి? ఎగురుతున్నంతసేపు లోతు తక్కువైనా నీకు తెలియదు. బోర్డు నలభై పైన ఉంది కాబట్టి రెక్క నలభై లోతులోనే పోతోంది. హాయిగా ఒడ్డు వైపు వచ్చేస్తావు. వేగం తగ్గి దిగగానే మాస్ట్ మొత్తం కిందకి వస్తుంది, ఇసుకలో గుచ్చుకుంటుంది. బోర్డు అక్కడే ఆగిపోతుంది, నువ్వు ఆగవు. ఆ చదును తీరంలో పదిహేను సెంటీమీటర్ల లోతంటే ఎన్ని అడుగుల దూరమో ఆలోచించు. అరవై ఉన్నవాడు అంత దూరం ఒడ్డు వైపు వచ్చినా బయటపడతాడు. డెబ్బై అయిదు ఉన్నవాడు పడతాడు. పైగా అక్కడ పిల్లలు ఆడుతుంటారు.

అక్క: ఈ మాటకి నా దగ్గర ఎదురు లెక్క లేదు. నువ్వు చెప్పింది అలాగే జరుగుతుంది. ఏ మాస్ట్ కొన్నా ఒక గీత పెట్టుకోవాలి. బోర్డుని తిరగేసి పట్టుకుని ఛాతీ లోతు దాకా నడిచి వెళ్లాలి, అక్కడ ఎక్కాలి. వచ్చేటప్పుడు ఛాతీ లోతు రాకముందే అల వదిలేసి దిగిపోవాలి. జనం స్నానాలు చేసే చోటుకి బాగా దూరంగా, ఎవరూ లేని పక్కకి పోవాలి. మెరైన్ పోలీసులు వద్దంటే ఆ రోజు ఎక్కకూడదు. తుపాను గాలి ఉన్న రోజు అసలు బయల్దేరకూడదు.

తమ్ముడు: అల బాగున్నప్పుడు మధ్యలో వదిలేస్తావా నువ్వు? నీ సంగతి నాకు తెలియదా?

అక్క: వదిలేస్తాను. వదిలేయకపోతే రెక్క పోతుంది, ఎవరికైనా తగిలితే అంతకంటే ఘోరం.

తమ్ముడు: మరి కృష్ణలో? బ్యారేజీ దగ్గర 57 అడుగుల మట్టం అంటారు గానీ, అది సముద్రమట్టం నుంచి కొలిచింది, మన కాళ్ల కింద లోతు కాదు. భవానీ ద్వీపం చుట్టూ మేటలు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయాక ఇసుక ఎక్కడ పోగుపడిందో మనకేం తెలుసు? అక్కడ నీ డెబ్బై అయిదు నడవదు.

అక్క: నదిలో అరవై కూడా నడవదు. అక్కడ అల లేదు, గుర్రపుడెక్క ఉంది, చేపల వలలు ఉన్నాయి. వల మాస్ట్‌కి చుట్టుకుంటే పొట్టి, పొడుగు చూడదు. జాలరి వల తెగితే వాడి ఆ రోజు కూలి పోయినట్టే. నదిలో ఫాయిల్ విప్పేసి ఉత్త బోర్డు మీద తెడ్డు వేద్దాం. కాళ్ల బలం, తెడ్డు జోరు అక్కడే వస్తాయి. కొనేది సముద్రం కోసం, సముద్రాన్ని చూసే కొనాలి.

తమ్ముడు: మధ్యలో డెబ్బై ఉందిగా?

అక్క: ఉంది. ఆ అయిదుతో నీకు ఒడ్డు దగ్గర పెద్దగా కలిసిరాదు, నాకు మలుపులో పోతుంది. తొమ్మిదికీ ఇరవై రెండుకీ మధ్య తేడా ఆ పదిహేనులోనే ఉంది, దాన్ని కోసుకోవద్దు.

తమ్ముడు: సరే, డెబ్బై అయిదు. కానీ ఛాతీ లోతు గీత దాటి ఎవరు ఒడ్డు వైపు వచ్చినా ఆ రోజుకి ఇంక ఎక్కకూడదు. నువ్వైనా సరే.

అక్క: నేనైనా సరే. ఆర్డరు పెట్టేముందు మాస్ట్‌ని బోర్డుకి బిగించే ప్లేటు చూడు. మన బోర్డు అడుగున ఆ ప్లేటు బిగించే ట్రాక్‌ల (గాడుల) మధ్య దూరం 90 మిల్లీమీటర్లు, దానికి సరిపోయేదే కావాలి. మరలు ఇంకో జత ఎక్కువ రాయి, గ్రీజు డబ్బా కూడా.