డైరెక్టర్ గారికి బ్యాకప్ లేదు

ఆస్పత్రిలో ప్రతిదానికీ రెండోది ఉంటుంది. కరెంటు పోతే జనరేటర్, అది అందుకునేలోపు యూపీఎస్, పైప్‌లైన్‌లో ఆక్సిజన్ తగ్గితే సిలిండర్లు. రెండోది లేనిది డైరెక్టర్ గారికొక్కరికే. మీ తర్వాత ఎవరు సార్ అని అడిగితే అపశకునం, అడిగినవాడు కుర్చీ మీద కన్నేశాడని అర్థం. పోనీ హఠాత్తుగా ఏమన్నా అయితే ఇన్‌ఛార్జి ఎవరో ఒక్క పేరైనా రాసిపెట్టండి అంటే, ఇల్లంటుకున్నాక బావి తవ్వుకుందాంలే అనే ధీమా.

షిఫ్ట్ మారేటప్పుడు నర్సు పేషెంట్‌ని అప్పగించడానికి ఎస్‌బార్ అని పద్ధతుంది, అమెరికా నేవీ జలాంతర్గాముల నుంచి వచ్చింది, ఇప్పుడెలా ఉంది, వెనక కథేంటి, నా అంచనా ఏంటి, ఏం చెయ్యాలి, నాలుగు ముక్కలు చెప్పాకే ఇంటికెళ్ళాలి. సర్జరీకైతే డబ్ల్యూహెచ్‌ఓ 2008లో ఇచ్చిన చెక్‌లిస్ట్, 19 అంశాలు. అపెండిక్స్ తియ్యడానికి ఇన్ని టిక్కులు పెట్టేవాళ్ళం, మొత్తం ఆస్పత్రిని ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఒక బొకే, ఒక తాళంచెవి, డౌటుంటే ఫోన్ చెయ్యి అనే మాట. ఆ ఫోన్ ఎత్తరు.

తర్వాత ఎవరో తేల్చే ప్లాన్ లేదని కాదండోయ్, తొమ్మిది గళ్ళ పటం ఉంది, పనితీరు ఒకవైపు, ఎదిగే సత్తా ఇంకోవైపు. 1970ల్లో జీఈ కంపెనీ ఏ వ్యాపారంలో డబ్బు పెట్టాలి, ఏది వదిలించుకోవాలి అని తేల్చుకోడానికి మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ వాళ్ళు గీసిన గళ్ళకి చుట్టాలే ఇవి, ఇప్పుడు వాటిల్లో మనుషుల్ని కూర్చోబెడుతున్నాం. రెండూ బాగా ఉన్నవాళ్ళ పై మూల గడిలో ఎప్పుడూ చెయ్యి తిరిగిన సర్జనే ఉంటాడు. ఆయన్ని పైకి తెస్తే ఒక్క సంతకంతో మంచి సర్జన్ పోయి, బడ్జెట్ ఫైలు చూస్తే చెమటలు పట్టే ఆఫీసరు వస్తాడు. ఇరవై ఏళ్ళుగా సిబ్బందిని, బెడ్లని, గొడవల్ని నడిపిస్తున్న నర్సింగ్ హెడ్ మాత్రం ఏ గడిలోనూ పట్టదు, ఆవిడని కదిపితే వార్డులెవరు చూస్తారండీ అంటారు.

ఇక డిప్యూటీ గారు. ఆయన పేరు పక్కన "ఒకటి రెండేళ్ళలో రెడీ" అని తొమ్మిదేళ్ళుగా ఉంది, ఏటా తేదీ మార్చి అదే కాగితం బోర్డుకి చూపిస్తారు, బోర్డు తలూపుతుంది. నీడలా వెంట తిరిగి నేర్చుకోవాలన్నారు కాబట్టి ఆయన నిజంగానే నీడైపోయారు, మీటింగుల్లో నీడకి నోరుండదు కదా, ముఖ్యమైన మీటింగైతే నీడ కూడా గుమ్మం బయటే.

మొన్న ఆయన రిటైరయ్యారు. డైరెక్టర్ గారికేమో ఎక్స్‌టెన్షన్ వచ్చింది, ఆయన తర్వాత ఎవరూ రెడీగా లేరని. ఫేర్‌వెల్ రోజు డైరెక్టర్ గారు మైకు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ, "ఈయన లేని లోటు తీరేది కాదు, ఇంత హడావుడిగా వెళ్ళిపోతారనుకోలేదు" అన్నారు.