వేలు ఒకచోట, నోరు ఇంకోచోట

మూడో తరగతి పిల్లాడు తెలుగు పాఠం గడగడా చదివేస్తుంటే ముచ్చటేస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే వేలు రెండో వరుసలో, నోరు నాలుగో వరుసలో ఉంటాయి. మధ్యలో ఒక్క పదం చూపించి ‘ఇదేంట్రా’ అంటే పైకప్పు చూస్తాడు. వాడు చదవడం లేదు, అప్పజెబుతున్నాడు. ఈ తేడా పట్టుకోవడం కొత్తగా చేరిన ఎస్జీటీలకు (ప్రాథమిక తరగతుల టీచర్లకు) ఎవరైనా నేర్పారా?

తెలంగాణలో 2024 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) ప్రకటించిన 11,062 పోస్టుల్లో 6,508, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఆరు వేలకు పైగా ఎస్జీటీలవే. అద్దె గదుల్లో ఏళ్లకేళ్లు చదివి కొట్టిన ఉద్యోగాలు. ఆ కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. పరీక్షకు 80 మార్కులు, టెట్‌ (టీచర్ల అర్హత పరీక్ష) వెయిటేజీ 20. ఆ వందలో ఒక పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూపినందుకు ఒక్క మార్కూ లేదు.

బీఈడీ చేసినవాళ్లు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య కాబట్టే దానికి విడిగా డీఎడ్‌ కోర్సు ఉంది. అది నేర్పాల్సిన డైట్‌లలో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో) లెక్చరర్ల కొరత పాత కథే. ఇంటర్న్‌షిప్‌ చాలాచోట్ల చార్టులకీ, సీనియర్ల రికార్డు చూసి రాసుకోవడానికీ సరిపోతోంది.

తెలుగు చదవడం నేర్పడం అంత తేలికేం కాదు. అక్షరాలు 56 అంటాం. గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. అందరికంటే ముందు నేర్పే ‘అమ్మ’నే చూడండి. కింద ఉన్న ఒత్తుకు పైనున్న ‘మ’ పోలికే లేదు! ‘బల్ల’ను ‘బల’ అని చదివే పిల్లకు ‘ల’ రాక కాదు, ఒత్తు దగ్గర ఆగింది. ‘కోడి’ని ‘కడ’ అని చదివేవాడి చిక్కు గుణింతం. ఇద్దరికీ పదిసార్లు రాసుకురమ్మని ఒకే ఇంపోజిషన్‌ ఇస్తే ఏం లాభం?

ఉట్నూరు, పాడేరు లాంటి గిరిజన ప్రాంతాల వైపు వెళ్తే కథ ఇంకా మారుతుంది. ఇంట్లో గోండీ, కువి మాట్లాడే బిడ్డకు అక్షరమే కాదు, మాటా కొత్తే. కొత్తవాళ్లకు తొలి పోస్టింగు తరచూ అలాంటి ఊళ్లకే, అదీ ఏకోపాధ్యాయ బడికి.

పిల్లల చదువుపై జరిగే అసర్‌ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. మూడో తరగతికల్లా అందరికీ చదవడం రావాలన్న కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్‌ భారత్‌ గడువు 2026-27.

నియామక పత్రం చేతిలో పెట్టి, నాలుగు రోజులు హాల్లో పవర్‌పాయింట్‌ చూపించి పంపితే చాలదు. మండలంలో ఒకటో తరగతి పిల్లలకు చదువు పట్టించే టీచరమ్మ ఒకరైనా ఉంటారు. కొత్తవాళ్లను ఆమె దగ్గర నెలరోజులు కూర్చోబెట్టాలి. రోజుకు ఐదుగురు పిల్లల చేత చదివించి, ఎవరు ఎక్కడ ఆగారో నోటుబుక్కులో రాసుకోమనాలి. అలా నేర్పినందుకు ఆమెకు అలవెన్సు ఇవ్వాలి. ఆ నెలరోజులైనా ఇద్దరికీ యాప్‌లో ఫొటోలు పెట్టే పని తప్పించాలి.