కౌలు కార్డుకు యజమాని సంతకం ఎందుకు?

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఏ పొలం గట్టు మీద నిలబడి ఈ చేను ఎవరిదని అడిగినా తరచూ రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి పాస్ పుస్తకంలో ఉన్న పేరు. రెండోది దమ్ము చేయించి, నాట్లు వేయించి, ఎరువు చల్లి, తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి నిద్ర మానుకుని కాపలా ఉన్న మనిషి పేరు. బ్యాంకు మాత్రం మొదటి పేరునే గుర్తిస్తుంది. ప్రభుత్వ సాయమూ చాలావరకు ఆ పేరునే వెతుక్కుంటూ వెళ్తుంది.

ఇది ఏదో ఒక మూల ఉన్న సమస్య కాదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే లెక్కల్లో కౌలు కమతాల వాటా దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. ప్రతి 100 కమతాల్లో 40కి పైగా ఎంతో కొంత కౌలు భూమి ఉన్నవే. రాష్ట్రం తినే అన్నం పండిస్తున్న ఈ కౌలు రైతుల్లో చాలామందికి తాము రైతులమని చూపించుకునే కాగితమే దొరకడం లేదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో వడ్డీ లెక్క చెబుతుంది. 3 లక్షల రూపాయల లోపు పంట రుణానికి బ్యాంకు వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టేస్తే రాయితీ పోను 4 శాతమే పడుతుంది. కౌలు రైతు ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చుకుంటాడు. అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం. ఎరువులు, పురుగుమందులు అరువిచ్చిన కమీషన్ వ్యాపారికే పంట తోలాలి, ధర అతను చెప్పిందే. దీనికి తోడు కౌలు. వరి పొలాలకైతే ఎకరాకు ఇన్ని బస్తాలని కోత అయ్యాక కొలవాలి. మిర్చి భూములకు చాలాచోట్ల విత్తనం వేయకముందే డబ్బు చేతిలో పెట్టాలి. పంట మునిగినా ఆ డబ్బు తిరిగి రాదు.

ఈ కష్టం తీర్చడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చట్టం వచ్చింది. రెవెన్యూ అధికారులు గ్రామంలో విచారించి రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. దాని అమలులో లోపాలు చాలానే ఉన్నా, సాగు చేస్తున్నది ఎవరని ఊరినే అడగాలన్న ఆలోచన సరైనది. 2019లో దాని స్థానంలో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇవ్వాలంటే 11 నెలల ఒప్పందాన్ని, దాని మీద భూయజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

ఫారం పట్టుకుని వెళ్లిన కౌలు రైతుకు వినిపించే మాటలు ఊరూరా ఒకటే. ‘సంతకం పెడితే రేపు భూమి నాదంటావేమో’, ‘ఆ సర్వే నంబరు మీద నేనే లోను తీసుకున్నాను’, ఇంకాస్త గట్టిగా అడిగితే ‘వచ్చే ఏడాది వేరేవాళ్లకు ఇస్తాలే’. ఆ చివరి మాటతో ఫారం మడిచి జేబులో పెట్టుకోవడమే. పొలమే పోతే కార్డుతో పనేముంది?

యజమానులందరూ దుర్మార్గులని మేము అనడం లేదు. వారిలో రిటైరైన టీచర్లున్నారు, భర్త పోయాక రెండెకరాల కౌలు మీదే బతికే ఆడవాళ్లున్నారు. పాత కౌల్దారీ చట్టాలు మిగిల్చిన భయం వారిలో నిజంగానే ఉంది. కార్డు పంట మీదే తప్ప భూమి మీద హక్కు ఇవ్వదని 2019 చట్టం స్పష్టంగా చెప్పినా, ఆ సంగతి వారికి నమ్మకం కలిగేలా చెప్పినవారు లేరు.

తెలంగాణలో ఆ కార్డూ లేదు. 2018లో మొదలైన రైతు బంధు పెట్టుబడి సాయం పట్టాదారులకే అందింది. రైతు బీమా 5 లక్షలూ అంతే, సెంటు భూమి లేని కౌలు రైతు చనిపోతే ఆ ఇంటికి ఆ పథకం నుంచి రూపాయి రాదు. ధరణి భూరికార్డుల పోర్టల్ కాలంలో పహాణీలో సాగు చేస్తున్నవారి పేరు రాసే అనుభవదారు కాలమ్ కూడా కనుమరుగైంది. కౌలు రైతులకూ ఎకరాకు ఏటా 15,000 ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ మాటిచ్చింది. 2025 జనవరిలో మొదలుపెట్టిన రైతు భరోసా మాత్రం మళ్లీ పట్టాదారుల ఖాతాల్లోనే పడింది. కేంద్రం ఏటా ఇచ్చే పీఎం కిసాన్ 6,000 సైతం భూమి ఉన్నవారికే.

సంతకం లేకుండా సాగుదారును గుర్తించడం అసాధ్యమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ పొలంలో ఏ పంట ఉందో నమోదు చేసే ఈ-క్రాప్ కోసం సిబ్బంది ఎలాగూ పొలానికి వెళ్తున్నారు, ఫొటో తీస్తున్నారు. ఆ చేలో ఎవరు దున్నుతున్నారో పక్క చేను రైతుకు తెలుసు, ఊరి కూలీలకు తెలుసు. ఆ పేరునే నమోదు చేసి, గ్రామసభలో చదివి, అభ్యంతరాలకు వారం గడువిచ్చి కార్డు చేతికివ్వాలి. పంట పెట్టని యజమానికి డబ్బు అవసరమైతే భూమి తనఖా మీద వేరే రుణం తీసుకోవచ్చు, పంట రుణం మాత్రం పంట వేసినవాడికే దక్కాలి. నష్ట పరిహారం, బీమా సొమ్ము, ధాన్యం డబ్బు కూడా అదే ఖాతాలో జమ కావాలి.

ఇందుకు 2019 చట్టంలోని సంతకం నిబంధనను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలగించాలి. తెలంగాణ ప్రభుత్వం కౌలు రైతుల నమోదును ఈ ఏడాదే చేపట్టాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఆ పని ఖరీఫ్ నారుమళ్లు పోసేలోగా పూర్తి కావాలి. నాట్లు పడ్డాక వచ్చే కార్డు ఆ ఏటి అప్పును ఆపలేదు.