ముక్క దొరికింది, ఇక వాదన మనదే!

బైబిల్ మీద వాదించేవాళ్లకు మొదటినుంచీ ఉన్న పెద్ద ఇబ్బంది బైబిలే. అరవై ఆరు పుస్తకాలు. మధ్యలో వంశావళులు, గుడారం కొలతలు, ఏ గోత్రం వాళ్లు ఎన్ని కోడెలు తెచ్చారో లెక్కలు. అదంతా చదివి, ఆపైన గ్రీకు, హీబ్రూ నేర్చుకుని, ఏ చేతిరాత ప్రతిలో ఏముందో పోల్చి చూశాకే వాదించాలంటే ఒక జన్మ సరిపోదు. పోనీ చదివినా లాభం లేదు. చదివినవాడు మైకు అందుకోగానే "ఇక్కడ విషయం కాస్త చిక్కుగా ఉందండీ" అంటాడు. ఆ మాటకు చప్పట్లు కొట్టే సభ భూమ్మీద లేదు.

ఈ ఇబ్బందికి మందు ఎప్పుడో కనిపెట్టారు. పాత ముక్క ఒకటి ఉంటే చాలు. ఎంత చిన్నదైతే అంత మంచిది. ముక్క చిన్నదయ్యేకొద్దీ అందులో అక్షరాలు తగ్గుతాయి, మనం నింపుకునే ఖాళీ పెరుగుతుంది. ఆస్తికులకూ నాస్తికులకూ సమానంగా మేలు చేసిన ఈ ముక్కకు ఇంతవరకూ ఎవరూ సన్మానం చేయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

2012 ఫిబ్రవరి 1, అమెరికాలోని చాపెల్ హిల్. వేదిక మీద ఇద్దరు పండితులు. ఒకరు బార్ట్ ఎర్మన్. ఒకప్పుడు గట్టి విశ్వాసి, కాలక్రమంలో విశ్వాసం వదిలేసిన మనిషి. రెండోవారు డల్లాస్ సెమినరీ ఆచార్యుడు డేనియల్ వాలెస్, విశ్వాసం నిలబెట్టుకున్న మనిషి. ఇద్దరూ జీవితమంతా చదివింది అవే ప్రతులు. ఈ సంగతి మీద ఎవరైనా ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఆ సాయంత్రం కార్యక్రమమే ఉండేది కాదు.

ఎర్మన్ వాదన అందరికీ తెలిసిందే. మార్కు సువార్త రాసింది సుమారు క్రీ.శ. 70లో అంటారు. అందులో మనకు మిగిలిన అతి పాత ప్రతి మూడో శతాబ్దానిది, డబ్లిన్‌లో ఉంది. మధ్యలో నూటాభై ఏళ్లు ఎవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు? దానికి వాలెస్ ఒక్క బాంబు వేశారు. మార్కు సువార్త ముక్క ఒకటి దొరికింది, అది మొదటి శతాబ్దానిది! ఎవరి దగ్గరుంది? చెప్పరు. కాలం ఎవరు నిర్ణయించారు? పెద్ద నిపుణుడు. పేరు? చెప్పరు. ఏడాదిలో పుస్తకం వస్తుంది, చూసుకోండి.

చూడకుండా ఎలా నమ్మడం అని కొందరు అనవచ్చు. యేసు శిష్యుడు తోమా అలాగే అని మాట పడ్డాడు. నిజానికి చూసిన సాక్ష్యం కంటే చూడని సాక్ష్యానికే బలం ఎక్కువ. కొలతలు తెలియవు కాబట్టి ఎంత పెద్దదిగానైనా ఊహించుకోవచ్చు. ఫోటో లేదు కాబట్టి తప్పు పట్టే దారి లేదు. ఎర్మన్ అంతటివాడు కూడా "చూపించండి మరి" అనడం తప్ప ఏం చేయగలడు?

ఆ తర్వాత ఆరేళ్లపాటు ఆ ముక్క ఎవరికీ కనబడకుండా చేసిన సేవ అంతా ఇంతా కాదు. ఈజిప్టు మమ్మీల ముఖానికి తొడిగే మాస్కులను చిత్తుకాగితాలు అంటించి చేసేవారని, అలాంటి మాస్కును కరిగిస్తే ఇది బయటపడిందని ప్రచారం జరిగింది. ఈ ముక్క అలా వచ్చింది కాదు గానీ, ఆ ఉత్సాహంలో కొందరు మాస్కులను నిజంగానే కరిగించారు, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో. రెండు వేల ఏళ్లు ఎడారిని తట్టుకుని నిలిచిన వస్తువును సింకులో కలిపేసి, అడుగున ఒక వచనమైనా తేలకపోతుందా అని చూశారన్నమాట. పురాతత్వ శాస్త్రంలో ఇంత శుభ్రమైన పద్ధతి ఇంకోటి లేదు.

2018లో ముక్క అచ్చులో వచ్చింది. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన పాపిరస్‌ల (జమ్ము కాడలతో చేసిన పాతకాలపు కాగితాల) వరుసలో 5345వ నంబరు. దగ్గరగా చూద్దాం. ఒక వైపు కొలత 4.4 సెంటీమీటర్లు, ఇంకో వైపు 4. తపాలా బిళ్లకు కాస్త అన్న. రెండు వైపులా రాత ఉంది, ఏ వరుసా పూర్తిగా లేదు. ఒక పక్క మార్కు మొదటి అధ్యాయం 7 నుంచి 9 వచనాల తునకలు, రెండో పక్క 16 నుంచి 18 దాకా. కాలం రెండో శతాబ్దం చివర లేదా మూడో శతాబ్దం మొదలు. ఒక శతాబ్దం అటూ ఇటూ అయింది, అంతే. దొరికింది మమ్మీ ముఖం మీద కాదు, ఈజిప్టులో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు తవ్విన చెత్తకుప్పల్లో, బహుశా 1903లో. అప్పటినుంచి వందేళ్లకు పైగా ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంది. వాలెస్ ఆ ఏడాదే ఎర్మన్‌కు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. వాదకుల సంఘం ఏదైనా ఉంటే ఆయన సభ్యత్వం ఆ రోజే రద్దయ్యేది.

ఇంతకీ ఆ వచనాల్లో కొత్త సంగతి ఏముంది? చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆ భాగంలో ఉండాల్సిందే ఉంది, మన ఇంట్లో షెల్ఫ్ మీదున్న తెలుగు బైబిల్లోనూ అదే ఉంది. "మిమ్మును మనుష్యులను పట్టు జాలరులనుగా చేసెదను" అని ప్రభువు పలికే చోటు అది. ఆరేళ్లలో ఈ తపాలా బిళ్ల ఎంతమంది మనుష్యులను పట్టిందో చూస్తే పేతురు కూడా వల దులుపుకుని పక్కకు తప్పుకునేవాడు.

పట్టుబడ్డవాళ్లలో అమెరికాలో పెద్ద దుకాణాల సంస్థ హాబీ లాబీ కూడా ఉంది. వాషింగ్టన్‌లో బైబిల్ మ్యూజియం వెనక ఉన్నది ఆ యజమానుల కుటుంబమే. 2013లో ఒక ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ దగ్గర నాలుగు సువార్త ముక్కలు కొన్నట్టు ఒప్పందం రాసుకున్నారు. మార్కు ముక్క అందులో ఒకటి. డబ్బు ఇచ్చేవాళ్లు ఇచ్చారు, ముక్కలు మాత్రం పరిశోధన నిమిత్తం అమ్మిన మనిషి దగ్గరే ఉండాలన్నది ఏర్పాటు. ఇంతలో గ్రెన్‌ఫెల్, హంట్‌ల తవ్వకాల సరుకుకు యజమానులైన ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ సొసైటీ వారు తీరిగ్గా, ఆ ముక్క మాది, మేము ఎన్నడూ అమ్మకానికి పెట్టలేదు అన్నారు. తర్వాత లెక్క చూసుకుంటే వాళ్ల సేకరణలో సుమారు 120 ముక్కలు కనబడలేదు. ఆ ప్రొఫెసర్ ఆరోపణలను ఖండించారు. 2021లో హాబీ లాబీ ఆయన మీద 70 లక్షల డాలర్లకు పైగా దావా వేసింది. విశ్వాసం అమూల్యమైనదే, దాని రుజువుకు మాత్రం రేటు ఉంది.

సరుకు అంతా విశ్వాసుల వైపే వస్తే అన్యాయం కదా. మార్కెట్ ఎవరికీ ద్రోహం చేయదు. అదే 2012లో, సెప్టెంబరులో, రోమ్‌లో, వాటికన్‌కు కూతవేటు దూరంలో హార్వర్డ్ ఆచార్యురాలు కరెన్ కింగ్ ఇంకో ముక్క బయటపెట్టారు. ఈజిప్టు క్రైస్తవుల పాత భాష కాప్టిక్‌లో ఉంది. "యేసు వారితో అన్నాడు, నా భార్య" అన్నంతవరకే ఉంది, ఆ తర్వాత తెగిపోయింది. మన టీవీ సీరియల్ రచయితలు కూడా శుక్రవారం ఎపిసోడ్‌ను ఇంత అందంగా తెంపలేరు. యేసుకు పెళ్లయిందనడానికి ఇది రుజువు కాదని ఆమె మొదటి రోజే చెప్పారు. దానికి "యేసు భార్య సువార్త" అని పేరు పెట్టింది కూడా ఆమే. లోకం పేరు విన్నది, వివరణ వినలేదు.

పాపిరస్‌ను పరీక్ష చేస్తే నిజంగానే వెయ్యేళ్లు దాటినదే. కాగితం పాతదైనంత మాత్రాన రాత పాతది కావాలని ఎక్కడుంది? బైబిల్లో లేని తోమా సువార్త అనే పాత కాప్టిక్ గ్రంథాన్ని ఒకాయన 2002లో ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు టైపింగులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మన ప్రాచీన ముక్కలోనూ సరిగ్గా అక్కడే, ఆ అక్షరమే లేదు. అంటే వెయ్యేళ్ల కిందటి లేఖకుడు దివ్యదృష్టితో పీడీఎఫ్ చూసి రాశాడని ఒప్పుకోవాలి, లేదంటే ఎవరో మనల్ని వెధవల్ని చేశారని ఒప్పుకోవాలి. 2016లో ఒక విలేఖరి దాని యజమాని ఎవరో, పూర్వాపరాలేమిటో తవ్వి తీశాక కింగ్ కూడా నకిలీ అనిపిస్తోందని ఒప్పుకున్నారు.

ఈ రెండు ముక్కల కాలంలో ఒక చక్కని దృశ్యం కనిపించింది. మార్కు ముక్కను కళ్లకద్దుకున్నవాళ్లు భార్య ముక్కకు సిరా పరీక్ష చేయించారా అని అడిగారు. భార్య ముక్కకు పండగ చేసుకున్నవాళ్లు మార్కు ముక్క ఫోటో ఏదీ అని నిలదీశారు. సందేహించే తెలివి ఇరుపక్షాలకూ పుష్కలంగా ఉంది. పొదుపుగా, ఎదుటివాడి సరుకు మీదే ఖర్చు పెడతారు.

ఇక ఆ మ్యూజియం. 2017 నవంబరులో తలుపులు తెరిచారు. అక్కడ మృత సముద్రపు చుట్టల (ఆ సముద్రం పక్క గుహల్లో దొరికిన ప్రాచీన యూదు గ్రంథాల) ముక్కలు పదహారు ఉండేవి. 2020 మార్చిలో పరీక్షల నివేదిక వచ్చింది, పదహారూ నకిలీలే. అసలు చుట్టలు చాలామటుకు సన్నని తోలు కాగితం మీద రాసినవి. ఇవి మాత్రం మొరటు తోలు, పాతకాలపు చెప్పులదో బూట్లదో అయి ఉండవచ్చన్నారు. మార్కు ముక్క మీదున్న ఆ 7వ వచనంలోనే బాప్తిస్మమిచ్చే యోహాను, ఆయన చెప్పులవారు విప్పడానికైనా నేను తగను అంటాడు. ఆయన వినయం ఆయనది. మన కాలం వాళ్లు ఏకంగా చెప్పులను అద్దాల పెట్టెలో పెట్టి టికెట్టు పెట్టారు.

ఇదంతా అమెరికా డబ్బు మదం అనుకోకండి. వాదనకు అవసరం పడినప్పుడు ప్రతి పుట్టుకురావడం పాత ఆచారమే. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేశాడు. యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో, పరలోకంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటే అనే మాటలు అందులో లేవు. తాను చూసిన గ్రీకు ప్రతుల్లో లేవు కాబట్టి వేయలేదు. 1519లోనూ వేయలేదు. త్రిత్వానికే ఎసరు పెట్టాడని గోల లేచింది. అంతలో ఇంగ్లండ్‌లో ఒక గ్రీకు ప్రతి ప్రత్యక్షమైంది, అందులో ఆ మాటలు చక్కగా ఉన్నాయి. సిరా ఆరిందో లేదో! 1522 కూర్పులో ఆయన చేర్చేశాడు, అక్కడినుంచి 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోకీ వెళ్లాయి. మన సంఘాల్లో వాడే పాత తెలుగు అనువాదం తీసి చూడండి, అక్కడ సాక్ష్యమిచ్చేది ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే. ఆ మాటలు లేకపోయినా తెలుగు క్రైస్తవులు ఇన్నేళ్లుగా త్రిత్వాన్ని నమ్ముతూనే ఉన్నారు. ఈ ముక్కను అడ్డం పెట్టి ఇంగ్లీషులో ఐదొందల ఏళ్లుగా కొట్టుకుంటున్నవాళ్లకు ఎవరైనా కబురు పెడితే బాగుండు.

ముక్క కొనే స్తోమత లేని సామాన్యుడికి అంకెలున్నాయి. జాన్ మిల్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు 30 ఏళ్లు కూర్చుని ప్రతులను పోల్చి, సుమారు 30 వేల పాఠభేదాలు చూపిస్తూ 1707లో అచ్చు వేశాడు. రెండు వారాలకు చనిపోయాడు, వాదనలు వినే బాధ తప్పింది. విట్‌బీ అనే మతాచార్యుడు ఇన్ని తేడాలైతే విశ్వాసం ఏం కావాలని హడలిపోయాడు. కాలిన్స్ అనే స్వేచ్ఛావాది చూశారా అని సంబరపడ్డాడు. ప్రతులు ఎక్కువ ఉంటే తేడాలూ ఎక్కువ కనబడతాయి, ఆ తేడాల వల్లే తప్పు దిద్దే వీలు కలుగుతుంది అని బెంట్లీ అనే పండితుడు ఇద్దరికీ చెప్పాడు. 1713లో వచ్చిన ఆ జవాబు చదివే తీరిక ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. ఇప్పుడు ప్రతులు ఐదు వేలు దాటాయి, తేడాలు లక్షల్లో ఉంటాయని అంచనా. వాటిలో చాలామటుకు స్పెల్లింగులూ మాటల వరుసలూ. కానీ లక్ష అన్నాక ఆ వాక్యం అక్కడ ఆపేయాలి.

ఆమధ్య గుంటూరులో ఒక గృహప్రతిష్ఠ కూటంలో ప్రార్థన అయ్యాక, బిర్యానీ ఇంకా దిగకముందు, సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు పాస్టరుగారి పక్కన చేరాడు.

"అయ్యగారూ, బైబిల్లో నాలుగు లక్షల తేడాలున్నాయంట కదా!"

"ఎవరు చెప్పారు బాబూ?"

"వీడియోలో చూశానండీ."

"ఐదు వేల ప్రతులున్నాయి నాయనా. పాతకాలపు పుస్తకం దేనికీ అన్ని లేవు."

"మీకెవరు చెప్పారండీ?"

"నేనూ వీడియోలోనే చూశాను."

"సరే, ఒక్క ప్రతి పేరు చెప్పండి."

"నువ్వు ఒక్క తేడా చెప్పు."

ఇద్దరూ వంటపాకవైపు చూశారు. ఈ శతాబ్దంలో నేను విన్న అత్యంత నిజాయతీ గల చర్చ అదే.

ఆ కుర్రాడికీ అయ్యగారికీ ఇద్దరికీ పనికొచ్చే పుస్తకం ఒకటుంది. నాలుగో శతాబ్దపు సినాయి ప్రతి, చేతిరాత గ్రీకు బైబిల్. నాలుగు వందలకు పైగా ఆకులు మిగిలాయి, ఎక్కువ భాగం లండన్‌లో. 1933లో సోవియట్ ప్రభుత్వం దగ్గర లక్ష పౌండ్లకు కొన్నారు. దేవుడు లేడన్న ప్రభుత్వం కూడా బైబిల్‌కు మంచి ధర రాబట్టింది. 2009 నుంచి ఆ ఆకులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అయినా వాదనలకు అది పనికిరాదు, కారణం అందులో అన్నీ ఉండటమే. మార్కు 16వ అధ్యాయం 8వ వచనంతో అయిపోతుంది. వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ యోహానులో లేదు. మన బైబిల్లో లేని బర్నబా పత్రిక ఉంది. దిద్దుబాట్లు 20 వేలకు పైనే. విశ్వాసి ఇవి చూసి మూసేస్తాడు. మిగతాదంతా, అంటే కొండమీది ప్రసంగం, సిలువ, ఖాళీ సమాధి, మనకు తెలిసినట్టే ఉంది. అవిశ్వాసి అది చూసి మూసేస్తాడు. ఉచితంగా దొరికేది, పూర్తిగా ఉన్నది, ఎవరి పక్షమూ మాట్లాడనిది. ఇలాంటి పుస్తకంతో ఎవరు గెలుస్తారు?

అందుకే వ్యాపారులకు నాదొక సలహా. ఇకమీదట ముక్క తయారు చేయించేటప్పుడు పాపిరస్‌కు రెండు వైపులుంటాయని గుర్తుపెట్టుకోండి. ముందువైపు "ఇది నేను కళ్లారా చూసి, అదే రోజు రాసితిని" అని ఉండాలి, కింద మొదటి శతాబ్దం తేదీ. వెనకవైపు "పైదంతా మా మేస్త్రీ రాయమంటే రాసితిని" అని ఉండాలి. ఒక్క ముక్కను ఇద్దరికీ అమ్మవచ్చు. ఇద్దరూ తమ వైపే చూస్తారు కాబట్టి రెండోవైపు సంగతి బయటపడే ప్రమాదం లేదు. అడ్వాన్సు ముందుగానే తీసుకోండి. ముక్క ఎలాగూ పరిశోధన నిమిత్తం మీ దగ్గరే ఉంటుంది.