కాగితం చదివినవారి ఆగడాలు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం అంటే నాకు జాలి. భూమి కొన్నవారికి తలనొప్పులు మామూలే గానీ, ఆ రాష్ట్రానికి వచ్చిన కష్టం పగవారికి కూడా రాకూడదు. కొన్ననాడు రాసుకున్న దస్తావేజును అమ్మినవారు చదివారు.

చదివినవారు అక్కడి మూలవాసులైన చిప్పెవాలు. వారు తమను అనిషినాబే అని చెప్పుకుంటారు. ఒజిబ్వే అన్నా వారే. ఆ ఒజిబ్వే అన్న మాటే తెల్లవారి నోట నలిగి చిప్పెవా అయి, ఒప్పందాల్లో అలాగే స్థిరపడిపోయింది. కొలంబస్ దారి తప్పిన పుణ్యాన మన దేశం పేరు కూడా వారి నెత్తినే పడింది కాబట్టి, ఉచ్చారణ గురించి మనం ఎక్కువ మాట్లాడకపోవడమే మర్యాద.

1837లోనూ 1842లోనూ వారు ఇప్పటి ఉత్తర విస్కాన్సిన్‌తో పాటు చుట్టుపక్కల విస్తారమైన నేలను అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చారు. ప్రభుత్వం కన్ను కలప మీద, రాగి మీద. వారి మనసు చేపల మీద, వేట మీద, సరస్సుల్లో దానంతట అదే పండే మనూమిన్ అనే అడవి వరి మీద. అందుకని ఆ హక్కులు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఇల్లు అమ్ముతూ పెరటి మామిడికాయలు మావే అని రాయించుకున్నట్టు. మన పూర్వులైతే ఇలాంటి చోట ‘ఆచంద్రార్కం’ అని శాసనం చెక్కించేవారు. వాషింగ్టన్ గుమస్తాలు గడుసువారు. 1837 పత్రంలో ‘అధ్యక్షులవారి చిత్తం ఉన్నంతకాలం’ అని రాశారు.

పదమూడేళ్లకే చిత్తం మారింది. 1850లో అధ్యక్షుడు జకరీ టేలర్ ఆ హక్కులు ఇక లేవని, ఖాళీ చేసి పొమ్మన్నాడు. పొమ్మంటే ఎవరు పోతారు? అందుకని అధికారులు ఒక ఉపాయం పన్నారు. ఏటా విస్కాన్సిన్‌లోని లా పాయింట్‌లో ఇచ్చే ఒప్పందపు సొమ్మును ఈసారి దూరాన మిన్నెసోటాలోని శాండీ లేక్‌లో ఇస్తామన్నారు, అదీ చలి ముంచుకొచ్చే వేళ. జనం వెళ్లి వారాల తరబడి కాచుకున్నారు. సొమ్ము రాలేదు. తిండి వచ్చింది, కుళ్లి. అక్కడ కొందరు, మంచులో తిరుగుదారిన కొందరు, దాదాపు 400 మంది చనిపోయారు. ఈ పేరాలో నా వ్యంగ్యం పనిచేయడం లేదు. పాఠకులు మన్నించాలి.

1852లో, తొంభై ఏళ్లు దాటిన కెచివైష్కే అనే పెద్దాయన వాషింగ్టన్ దాకా ప్రయాణించి అధ్యక్షుడు ఫిల్మోర్‌కు మొర వినిపించాడు. పొమ్మన్న ఆజ్ఞ రద్దయింది. 1854లో మరో ఒప్పందం కుదిరి వారికి రిజర్వేషన్లు ఏర్పడ్డాయి. మన వాడుకలోని రిజర్వేషన్లు కావు. అమ్మగా మిగిలిన సొంత నేల అది.

ఆ తరువాత రాష్ట్రం హాయిగా మరిచిపోయింది. 1974లో చిప్పెవాల్లోనే లాకూటొరే తెగకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రిజర్వేషన్ గీత దాటి, మంచుగడ్డకు కన్నం వేసి బల్లెంతో చేపలు పట్టారు. వెంటనే అరెస్టు. తొమ్మిదేళ్ల తరువాత ఫెడరల్ అప్పీలు కోర్టు దస్తావేజు తిరగేసి, హక్కు చెక్కుచెదరలేదని చెప్పింది.

ఇక ఆవేశం చూడాలి! 1980ల చివర ప్రతి వసంతంలోనూ పడవల రేవుల్లో తెల్లజనం గుమిగూడి, చేపలు పట్టే చిప్పెవాల మీద రాళ్లు విసిరారు, బూతులు తిట్టారు, ‘సమాన హక్కులు’ కావాలన్నారు. ఉద్యమ నిధి కోసం ‘ట్రీటీ బీరు’ అని ఒక బీరు కూడా అమ్మారు. చేపల మీద ప్రేమను సీసాల్లో నింపడం అంత తేలిక కాదు. దివిటీ వెలుగులో రాత్రిపూట బల్లెంతో పట్టడం అనాగరికమట. ఆ దివిటీలను చూసే ఫ్రెంచి వర్తకులు ఒక ఊరికి లాక్ దు ఫ్లాంబో, అంటే దివిటీల సరస్సు, అని పేరు పెట్టారు. పేరు మ్యాపులో ఉండవచ్చు, దివిటీ మాత్రం ఉండకూడదు!

ఈ తెగల స్వపరిపాలన తీరు మరీ దారుణం. ఏ సరస్సులో ఎన్ని చేపలు పట్టవచ్చో ముందే లెక్క కడతారు. అనుమతి పత్రం ఇస్తారు. రేవుకు తెచ్చిన ప్రతి చేపనూ లెక్కబెడతారు. లైసెన్సు గాలాలవారు అంతకు ఎన్నో రెట్లు పడతారు గానీ, పట్టినవారే ఒడ్డున నిలబడి లెక్క చెప్పే దురలవాటు వారికి లేదు. 1991లో ఫెడరల్ అధ్యయనం సైతం బల్లేల వల్ల చేపల సంతతికి నష్టం లేదని తేల్చి ఉద్యమాన్ని నొప్పించింది. 1999లో సుప్రీంకోర్టు, మిన్నెసోటా కేసులో, తొమ్మిదిమందిలో అయిదుగురి మాటగా, టేలర్ ఆజ్ఞకు చట్టబలమే లేదంది. చిత్తం మారితే చాలదట!

2023 జనవరిలో లాక్ దు ఫ్లాంబో తెగ తమ నేల మీదుగా పోయే నాలుగు రోడ్లకు అడ్డుకట్టలు పెట్టింది. దారి వాడుకోవడానికి ఇచ్చిన అనుమతుల గడువు తీరి ఏళ్లయిందట. అవతల ఇళ్లున్నవారు లబోదిబోమన్నారు. ఇప్పుడు ఆ రాష్ట్రంలో పాత కాగితాలను భూతద్దం పెట్టి మరీ చదువుతున్నారు.