సోమవారం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సోమవారం గారికి నమస్కరించి రాయునది. ఇక్కడంతా క్షేమం. వచ్చే వారం నుంచి ఇంకా క్షేమం.

ముందుగా తమ ఓపికకు దండం. లోకంలో మానేయాల్సినవీ మొదలుపెట్టాల్సినవీ అన్నీ తమ నెత్తినే. నడక, చదువు, పొదుపు, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం... దేనికైనా ముహూర్తం తమరే. తమ పేరు చెప్పుకోగానే సగం పని అయిపోయినంత తృప్తి మాకు. ఆ తృప్తితోనే ఆదివారం మరో పళ్లెం లాగిస్తాం. రేపటి నుంచి ఎలాగూ కట్ కదా! తమ దయే లేకపోతే ఆ రెండో పళ్లెం గొంతు దిగేది కాదు.

తమ పలుకుబడికి శాస్త్రం సాక్ష్యం కూడా ఉంది. వారం, నెల, ఏడాది మొదట్లో జిమ్‌కు వెళ్లేవాళ్లు, గూగుల్‌లో డైట్ గురించి వెతికేవాళ్లు పెరుగుతారని 2014లో హెంగ్‌చెన్ డై, కేథరీన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు లెక్క తీసి చూపించారు. గురువారానికి వాళ్లంతా ఏమవుతారన్నది తమ శాఖ పరిధిలోకి రాదనుకోండి.

తమరొచ్చిన రోజున పని చేసేది మేమేనని మాకెందుకో అనిపించదు. ఎవరో బుద్ధిమంతుడు వస్తాడు. అలారం మోగకముందే లేస్తాడు, స్వీటు వద్దంటాడు, ఫోను పక్కన పడేస్తాడు. అంతటివాడు దొరికాక ఎంత పని అప్పజెప్పినా తప్పేముంది? వెన్నునొప్పి, క్రెడిట్ కార్డు బాకీ, అన్నీ ఆయన పేరనే రాసేశాం. సంతకం మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు. తీరా వచ్చాక చూస్తే ఆయనా మాలాంటివాడే. ఆయనకూ ఒక వచ్చే సోమవారం ఉంది.

పొదుపు విషయంలో మాత్రం తమ కమీషన్ కాస్త ఎక్కువ. ఏటా 8 శాతం చక్రవడ్డీ అనుకుంటే సొమ్ము సుమారు 9 ఏళ్లకు రెట్టింపవుతుంది. 25వ ఏట దాచింది 61 నాటికి 16 రెట్లు. 34వ ఏట దాచింది 8 రెట్లే. ఆ నడుమ తమరు వచ్చి వెళ్లింది ఓ 470 సార్లు. సగానికి సగం పోయినా మేం రసీదు అడగలేదు, గమనించగలరు.

ఇక అసలు ఫిర్యాదు. రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తమ గుట్టు పట్టేశారు. ఇప్పుడు పైసా తీయక్కర్లేదు, ఇకపై జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత పొదుపులోకి పోయేలా ఈరోజే ఒప్పుకోండి చాలు, అన్నారు. రేపటి సంగతేగా అని ఉద్యోగులు హాయిగా ఒప్పుకున్నారు. ఒక సంస్థలో అలా చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి ఎగబాకింది! మా వాయిదా గుణాన్నే జీతం లేకుండా పనిలో పెట్టుకున్నారన్నమాట.

ఇలాంటి వాళ్ల మీద తమరు గట్టి చర్య తీసుకోవాలి. తొందరేం లేదు, పై వారం వచ్చినప్పుడు చూడండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ ఆదివారపు భక్తులు